రాధాకృష్ణన్ గారు – ఒక కమిటీ ఫైలు

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరినపుడు మొదట వెనుకాడాను. నేను పండితుణ్ణి కాను. ఒక విశ్వవిద్యాలయంలో అకడమిక్ సెక్షన్‌లో టైపిస్టుగా చేరి, 1998లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసినవల్లా అజెండాలు, మినిట్సు, నోట్ ఫైళ్ళు. అయితే అటువంటి ఒక ఫైలు వల్లనే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితం నాకు పరిచయమయింది. రాష్ట్రపతిగా, తత్త్వవేత్తగా ఆయన గురించి పెద్దలు చాలా రాశారు. ఒక కమిషన్ అధ్యక్షులుగా ఆయన చేసిన పని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

1975 ఏప్రిల్ 17న ఆయన మద్రాసులో పరమపదించారు. మా ఆఫీసులో సంతాప సభ సర్క్యులర్‌కు స్టెన్సిల్ కొట్టినది నేనే. ఆయన పుట్టిన తేదీ, చేసిన పదవులు అన్నీ తప్పు లేకుండా కొట్టాను. కాని అప్పటికి ఆయన రచనలు ఒక్క పేజీ కూడా చదివి ఎరుగను.

ఆ తరువాత రెండు మూడేళ్ళకు, డిగ్రీ విద్యార్థులందరికీ ఉమ్మడిగా జనరల్ ఎడ్యుకేషన్ పేపర్లు పెట్టే విషయం పరిశీలించడానికి మా దగ్గర అధ్యాపకుల కమిటీ ఒకటి వేశారు. సైన్సు చదివేవానికి చరిత్ర, సమాజం గురించి కొంత తెలియాలి, ఆర్ట్సు చదివేవానికి సైన్సు గురించి కొంత తెలియాలి అన్నది ఉద్దేశం. శాఖలన్నీ ప్రతిపాదనలు పంపవలసిందిగా లేఖలు వెళ్ళాయి. వచ్చినవన్నీ సైక్లోస్టైల్ చేసి సభ్యులకు పంచడం, సమావేశంలో కూర్చుని మినిట్సు రాయడం నా వంతు.

అటువంటి కమిటీలు చూసిన మిత్రులకు ఆ తీరు తెలిసే ఉంటుంది. ప్రతి శాఖా తన సబ్జెక్టులోని మొదటి అధ్యాయాన్నే పంపింది. రసాయన శాస్త్రం వారు మూలకాల పట్టికతో మొదలుపెట్టారు. అర్థశాస్త్రం వారు డిమాండు, సప్లయితో మొదలుపెట్టారు. చరిత్ర వారు సింధు నాగరికత నుండి స్వాతంత్ర్యం వరకు అంతా ఒకే పేపరులో ఇమిడ్చారు. చర్చ మాత్రం సిలబస్ మీద జరగలేదు. వారానికి ఎన్ని పీరియడ్లు, అవి ఎవరి వర్క్‌లోడ్‌లోకి వస్తాయి, ఏ శాఖకు ఒక లెక్చరర్ పోస్టు అదనంగా వస్తుంది, ఏ శాఖకు ఉన్నది పోతుంది అన్న దాని మీదే రెండు సమావేశాలు గడిచాయి. వారిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పీరియడ్లు తగ్గితే తాత్కాలికంగా పనిచేస్తున్న కుర్రవాని ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే.

కమిటీ అధ్యక్షులు ఒక వయోవృద్ధ ఆచార్యులు. రెండవ సమావేశం ముగిసిన తరువాత నన్ను పిలిచి, లైబ్రరీ నుండి 1949 నాటి యూనివర్సిటీ విద్యా కమిషన్ నివేదిక తెచ్చి, అందులో జనరల్ ఎడ్యుకేషన్‌కు సంబంధించిన పేజీలను టైపు చేసి అందరికీ పంపమన్నారు. ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళాను. టైపు చేయడానికి తెచ్చుకున్న పుస్తకాన్ని మూడు రాత్రులు కూర్చుని చదివాను. తరువాత ఆ పుస్తకం వెనుక ఉన్న మనిషి గురించి వెదికి చదవడం మొదలుపెట్టాను.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఇంటిపేరులోని సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. తండ్రిగారిది రెవెన్యూలో చిన్న ఉద్యోగం, పెద్ద సంసారం. తిరుపతిలో, వెల్లూరులో చదివి, స్కాలర్‌షిప్పుల మీద మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. తత్త్వశాస్త్రం తీసుకోవాలని ఆయన ముందుగా అనుకున్నది లేదట. బంధువైన ఒక అబ్బాయి అదే కాలేజీలో ఆ సబ్జెక్టు పూర్తి చేసి తన పాత పుస్తకాలు ఇచ్చాడు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఆ పుస్తకాలే ఆయన సబ్జెక్టును నిర్ణయించాయి.

ఈ సంగతి చదివినపుడు నాకు మనసులో ఏదో కదిలింది. మా ఇళ్ళల్లోనూ అన్నగారి పుస్తకాలతోనే తమ్ముడు చదివేవాడు. ఎవరి ఇంట్లో ఏ పుస్తకాలుంటే వాడు ఆ గ్రూపు. రాధాకృష్ణన్ గారి విషయంలో ఆ యాదృచ్ఛికం దేశానికి మేలు చేసింది. అందరి విషయంలోనూ అలా జరగదు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకులయ్యారు. కొంతకాలం రాజమహేంద్రవరం కాలేజీలో కూడా పనిచేశారు. 1918లో మైసూరు విశ్వవిద్యాలయానికి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మైసూరు విడిచి వెళ్ళే రోజున విద్యార్థులు బండి గుర్రాలను విప్పి, తామే స్టేషను వరకు లాగారన్న సంగతి మనందరికీ తెలిసినదే. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చారు.

1931లో కట్టమంచి రామలింగారెడ్డి గారి తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వచ్చి 1936 వరకు ఉన్నారు. తత్త్వశాస్త్ర ఆచార్యులు గనుక తన సబ్జెక్టునే పెంచుకుంటారని ఎవరైనా అనుకోవచ్చు. అలా జరగలేదు. జయపురం మహారాజావారి విరాళంతో సైన్సు, టెక్నాలజీ కళాశాల ఏర్పడింది. భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం గారు, రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి గారు ఆ రోజుల్లోనే వాల్తేరు చేరారు. వంగదేశం నుండి హుమాయూన్ కబీర్ గారు, హీరేన్ ముఖర్జీ గారు వచ్చి పాఠాలు చెప్పారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూరు గారు వచ్చి ఉపన్యసించారు. లాబొరేటరీలో పనిచేసే కుర్రవాడు సాయంత్రం వెళ్ళి కవిగారి ప్రసంగం వినగలిగిన చోటు అది. నివేదికలో ఆయన పేరుతో వచ్చిన భావాలకు వాల్తేరు కొండ మీద ఒక నమూనా ముందే ఉందని నాకు తోచింది.

ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి, 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పదవి నిర్వహించారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 నవంబరులో, భారత ప్రభుత్వం యూనివర్సిటీ విద్యా కమిషన్‌ను నియమించి ఆయనను అధ్యక్షులుగా చేసింది. సభ్యులలో జాకిర్ హుస్సేన్ గారు, తారాచంద్ గారు, మేఘనాథ్ సాహా గారు, లక్ష్మణస్వామి మొదలియారు గారు ఉన్నారు. ఇంగ్లండు నుండి ఒకరు, అమెరికా నుండి ఇద్దరు విద్యావేత్తలు కూడా ఉన్నారు. విశ్వవిద్యాలయాలన్నీ తిరిగి, ప్రశ్నావళులు పంపి, 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చారు. ఒక సంవత్సరం కూడా పట్టలేదు. మా కమిటీ రెండు పేపర్ల కోసం అంతకంటె ఎక్కువ కాలం తీసుకున్నది!

ఆ నివేదికలో పన్నెండేళ్ళ చదువు తరువాతనే యూనివర్సిటీ ప్రవేశమనీ, మూడేళ్ళ డిగ్రీ అనీ, పరీక్షల రోజులు కాక ఏడాదికి కనీసం 180 పనిదినాలనీ, యూనివర్సిటీలకు గ్రాంట్ల కమిషన్ అనీ సిఫారసులున్నాయి. యూజీసీ 1953లో ఏర్పడి 1956లో చట్టబద్ధమయింది. మన ఉద్యోగుల జీతాలు, స్కేళ్ళలో ఆ సంస్థ మాట ఎంతవరకు నడిచిందో మనకు తెలుసు.

జనరల్ ఎడ్యుకేషన్ విషయంలో ఆ నివేదిక చెప్పినది సూటిగా ఉంది. ఇంటర్మీడియట్ నుండే పిల్లలను ఒక ఇరుకు దారిలో పెట్టడం మన చదువులకు పట్టిన జబ్బు అని, ఆలస్యం చేయకుండా దాన్ని సరిచేయాలని అందులో సారాంశం. తెలుసుకోవలసినదాన్ని ప్రకృతి, సమాజం, మానవుని అంతరంగం అని మూడుగా విభజించారు. ప్రతి సబ్జెక్టు నుండి ఒక్కొక్క ముద్ద పెట్టడం వారి ఉద్దేశం కాదు. తాను నిలబడిన లోకం ఎటువంటిదో, తోటివారితో కలిసి ఎలా బ్రతకాలో, ఏది మంచి అని ఎలా నిర్ణయించుకోవాలో ఆలోచించగల పౌరుడు కావాలన్నారు. అందుకు తగిన పాఠ్యాంశాలు, చదవవలసిన పుస్తకాలు యూనివర్సిటీలే తయారు చేయాలన్నారు.

ఆ పేజీలు స్టెన్సిల్ కొట్టి సభ్యులకు పంపాను. మూడవ సమావేశంలో అధ్యక్షులవారు వాటిని ఓపికగా వివరించారు. అందరూ శ్రద్ధగా విన్నారు. టీ వచ్చింది. టీ తరువాత వర్క్‌లోడ్ చర్చ మళ్ళీ మొదలయింది. చివరకు రెండు పేపర్లు పెట్టాలని, పాసయితే చాలునని, వాటి మార్కులు క్లాసు నిర్ణయానికి కలపరాదని, ఏ శాఖలో పీరియడ్లు తక్కువగా ఉంటే వారు బోధించాలని తీర్మానమయింది. నేను దానిని మినిట్సులో ఒకే పేరాగా రాశాను. బోర్డు, ఫ్యాకల్టీ, అకడమిక్ కౌన్సిల్ దాటి ఆ పేరా అలాగే ఆమోదం పొందింది. మార్కులు కలపరాదన్న ఒక్క వాక్యంతో ఆ పేపర్లకు ఆయువు తీరిందని అప్పుడు నాకు తోచలేదు.

లోపం కమిటీదే అనలేను. ఒకే సబ్జెక్టులో పెరిగిన అధ్యాపకులు అన్నిటినీ కలిపి చెప్పడం ఎక్కడ నేర్చుకుంటారు? ఆలిగఢ్, బరోడా వంటి కొన్ని యూనివర్సిటీలు 1950లలో గట్టిగానే ప్రయత్నించాయి. మిగిలిన చాలా చోట్ల అది గైడు పుస్తకం పేపరుగా మిగిలింది.

కొన్నేళ్ళకు మా పెద్దవాడు బీఎస్సీలో చేరాడు. పరీక్షకు ముందురోజు రాత్రి ఆ జనరల్ పేపరు గైడు తిరగేసి పాసయ్యాడు. క్లాసుకు కలవని మార్కుల కోసం లెక్కల సమయం వృథా చేయవద్దని వాడికి చెప్పినవాణ్ణి నేనే. ఇపుడు వాడూ రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. మొన్న ఫోనులో, ఈ మధ్య చరిత్ర పుస్తకాలు చదువుతున్నానని, చదువుకునే రోజుల్లో ఇవి ఎవరూ చెప్పలేదేమని అడిగాడు. చెప్పారు నాయనా, దానికొక పేపరుండేది, ఆ సిలబస్ టైపు చేసినది నేనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కమిషన్ తరువాత రాధాకృష్ణన్ గారు రష్యాలో రాయబారిగా, 1952 నుండి పదేళ్ళు ఉపరాష్ట్రపతిగా, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా పనిచేశారు. 1954లో భారతరత్న పొందారు. ఆయన తరువాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ గారు ఆ కమిషన్‌లో ఆయన పక్కన కూర్చున్నవారే. సెప్టెంబరు 5న ఏటేటా ఉపాధ్యాయులకు దండలు వేస్తున్నాము. ఆ నివేదిక మాత్రం లైబ్రరీ బీరువాలోనే ఉంటున్నది. 2020 జాతీయ విద్యావిధానంలో అనేక శాస్త్రాలు కలిపి చదవాలన్న మాట మళ్ళీ వచ్చింది. ఎక్కడో ఒక కమిటీ ఇపుడు కూడా కూర్చుని ప్రతిపాదనలు చూస్తూ ఉంటుంది. ఎవరో ఒకరు మినిట్సు రాస్తూ ఉంటారు.

మన సభ్యుల పిల్లలలో, మనుమలలో అధ్యాపకులైనవారు అటువంటి కమిటీలో కూర్చోవలసి వస్తే, ఆ పేపరు మార్కులు క్లాసుకు కలుస్తాయా లేదా అన్నది ముందుగా అడగవలసిందిగా నా మనవి. మనుమలు డిగ్రీ చదువుతూ ఉంటే, నేను మా వాడికి ఇచ్చిన సలహా మీరు ఇవ్వవద్దు.

సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కోరుతూ, సెలవు.