కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే

ఈసారి మన గోడపత్రికలో నేను మైకేల్ ఫారడే గురించి రాస్తున్నాను.

మా అయ్య రాత్రిపూట అడవిపందులు రాకుండా చేను కాపలాకి చార్జింగ్ లైటు పట్టుకొని పోతాడు. పగలు చార్జింగ్ పెడితే రాత్రికి మళ్ళీ ఎట్లా వెలుగుతుందని మా సైన్సు సారుని అడిగాను. సారు బ్యాటరీలో ఉండే ఎలక్ట్రోడుల గురించి చెప్పారు. ఆ పేరు వాడుకలోకి తెచ్చినాయన కథ చదవమని పుస్తకం ఇచ్చారు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండులో, లండన్ పక్కన పుట్టాడు. వాళ్ళ నాన్న కమ్మరి. ఆయనకి ఒంట్లో బాగుండేది కాదు. ఇంట్లో తిండికి కరువు. చదవడం, రాయడం, కొంచెం లెక్కలు రాగానే బడి అయిపోయింది. 14 ఏళ్ళకి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే షాపులో పనికి కుదిరాడు. నాకూ ఇప్పుడు 14 ఏళ్ళే.

అక్కడ 7 ఏళ్ళు పని చేశాడు. అట్టలు వేస్తూనే లోపలున్నది కూడా చదివేవాడు. 1812లో 7 రాగి నాణేలు, 7 జింకు బిళ్ళలు, ఉప్పునీళ్ళలో తడిపిన కాగితాలు పేర్చి సొంతంగా బ్యాటరీ చేశాడు. అదే ఏడాది షాపుకి వచ్చే ఒకాయన టిక్కెట్లు ఇస్తే హంఫ్రీ డేవీ అనే గొప్ప శాస్త్రవేత్త ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసి, తనే అట్ట వేసి ఆయనకి పంపాడు. 1813లో డేవీ తన దగ్గర పని ఇచ్చాడు. డేవీ భార్య మాత్రం ఫారడేని పనివాడిలాగ చూసేది. బాధపడ్డాడు కానీ నేర్చుకోవడం మానలేదు.

1825లో బెంజీన్ కనిపెట్టాడు. 1831లో తీగచుట్టలో అయస్కాంతం కదిలిస్తే కరెంటు పుడుతుందని చూపించాడు. ద్రావణంలో కరెంటు ఎంత ఎక్కువ పోతే లోహం అంత ఎక్కువ చేరుతుందని కొలిచి చెప్పాడు. ద్రావణంలోకి కరెంటు వెళ్ళే, బయటికి వచ్చే చోటుకి ఎలక్ట్రోడు అని 1834లో పేరు పెట్టాడు. ఇట్లాంటి పేర్లకి విలియం వీవెల్ అనే పండితుడు సాయం చేశాడు. మళ్ళీ మళ్ళీ చార్జింగ్ చేసే సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో ప్లాంటే చేశాడు. అప్పటికి ఫారడే బతికే ఉన్నాడు. 1867లో చనిపోయాడు.

ఇప్పుడు శాస్త్రవేత్తలు లోహాన్ని, కార్బన్ పదార్థాన్ని కలిపి సన్నని రంధ్రాలున్న పదార్థాలు చేస్తున్నారు. వాటికి 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. వాటిని బ్యాటరీ ఎలక్ట్రోడులుగా వాడాలని చూస్తున్నారు. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడు నుంచి ఇంకోదానిలోకి పోతాయి, వాడినప్పుడు తిరిగి వస్తాయి. ఆ పదార్థాల్లో చాలావాటిలో బెంజీన్ వలయం ఉంటుందని సారు చెప్పారు. ఫారడే కనిపెట్టినదీ, పేరు పెట్టినదీ ఒకచోట కలిశాయి!

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోతే మా మామ చదువు చాలు, మిర్చి కోతకి పంపమన్నాడు. మా అయ్య ఏమీ అనలేదు. నాకు లెక్కలు రావు కాబట్టి నేనూ నోరెత్తలేదు. ఫారడేకి కూడా పెద్ద లెక్కలు రావు. బొమ్మలు గీసుకొని ఆలోచించేవాడు. ఈసారి పోయినప్పుడు చార్జింగ్ లైటు ఎట్లా వెలుగుతుందో మా అయ్యకి బొమ్మ గీసి చెప్తాను. తర్వాత పదో తరగతి చదువుతానని కూడా చెప్తాను.