మూలికల పేర్లు సరిదిద్దిన లీ షిజెన్

చైనాలో మింగ్ వంశపు రాజులు ఏలుతున్న కాలంలో ఊరూరా తిరిగి, చేతిగంట మోగిస్తూ మందులిచ్చే వైద్యులుండేవారు. సంఘంలో వారికి గౌరవం అంతంతమాత్రమే. అటువంటి గంట వైద్యుని మనుమడిగా క్రీ.శ. 1518లో లీ షిజెన్ జన్మించారు. స్వస్థలం యాంగ్‌ట్సీ నదికి ఉత్తరాన ఉన్న ఛీచౌ పట్టణం. నేటి హుబే రాష్ట్రంలోని ఛీచున్ ప్రాంతం అదే. తండ్రి లీ యెన్‌వెన్ కూడా పేరున్న వైద్యుడే. అయినా కుమారుడు వైద్యం మాని రాజోద్యోగి కావాలని ఆయన కోరిక.

పద్నాలుగేళ్ల ప్రాయంలో షిజెన్ తొలి మెట్టు పరీక్షలో నెగ్గారు. ఆపై రాష్ట్రస్థాయి పరీక్షకు మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ తప్పారు. ఆ వైఫల్యమే లేకుంటే చైనాకు ఒక గుమాస్తా దక్కి ఉండేవాడు, ఒక మహావైద్యుడు దక్కి ఉండేవాడు కాదు.

ఇరవై ఏళ్ల వయసులో ఆయనకు తీవ్రమైన జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. చలువ చేసే మూలికలెన్నో నెలకు పైగా మింగినా రోగం ముదిరిందే గాని తగ్గలేదు. ఇక బ్రతకడని అందరూ ఆశ వదులుకున్నారు. అప్పుడు తండ్రి పాత వైద్యగ్రంథంలోని ఒక యోగాన్ని జ్ఞాపకం చేసుకొని, హువాంగ్ చిన్ అనే ఒక్క వేరునే రెండు గిన్నెల నీటిలో వేసి, అది ఒక గిన్నె అయ్యేవరకు కాచి త్రాగించాడు. మరునాటికి జ్వరం విడిచింది. దగ్గు కూడా పోయింది. మందు రోగానికి సరిగ్గా తగలడమంటే ఏమిటో ఆ యువకునికి స్వానుభవంతో తెలిసింది. తగలని మందులు నెలరోజుల పాటు దేహాన్ని ఎలా కృంగదీశాయో కూడా అంతకు ముందే తెలిసింది. రెండో పాఠాన్ని చాలామంది వైద్యులు మరచిపోతారు, ఆయన మరువలేదు.

తండ్రి వద్దనే వైద్యం నేర్చి ఖ్యాతి గడించాక, ఛూ ప్రభువు ఆయనను తన ఆస్థానానికి పిలిపించుకున్నాడు. అక్కడి నుంచి బీజింగ్‌లోని రాజవైద్యాలయానికి వెళ్లి, సుమారు ఏడాది కాలం మాత్రమే ఉన్నారు. ఆ రోజుల్లో సింహాసనం మీద ఉన్నవాడు జియాజింగ్ చక్రవర్తి. చావును జయించాలన్న తపనతో ఇంగిలీకం, పాదరసం, సీసం, పాషాణం వంటివి కలిపిన రసాయన గుళికలను ఏళ్ల తరబడి సేవించినవాడు. 1567లో అరవై ఏళ్లైనా నిండకుండా మరణించాడు. ఆ గుళికలే ప్రాణం తీశాయని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అంతకు పూర్వం తాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు ఇదే దారిన పోయారు.

పూర్వగ్రంథాలలో పాదరసం విషం కాదనీ, దీర్ఘకాలం సేవిస్తే అమరత్వం సిద్ధిస్తుందనీ వ్రాసి ఉండేది. ఆయుర్దాయంపై ఆశతో దానిని మ్రింగి వికలాంగులైనవారికీ, అసువులు బాసినవారికీ లెక్కే లేదని లీ షిజెన్ నిర్భయంగా వ్రాశారు. రసవాదుల మాట అటుంచి, వైద్యగ్రంథం అబద్ధం చెప్పడమేమిటన్నది ఆయన ఆగ్రహం. అంటే పాదరసాన్ని మొత్తంగా వెలివేశారని కాదు. రోగచికిత్సలో దాని ఉపయోగాన్ని ఆయన అంగీకరించారు.

పాత గ్రంథాలలోని ఇటువంటి దోషాలే ఆయనను మహాకార్యానికి పురికొల్పాయి. రెండు వేర్వేరు మొక్కలకు ఒకే పేరు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు, బొమ్మ ఒకటైతే వర్ణన మరొకటి. బలవర్ధకమైన హువాంగ్‌జింగ్ వేరు, ప్రాణాంతకమైన గౌవెన్ తీగ ఒకదానిని ఒకటి పోలి ఉంటాయని వ్రాసిన పెద్దలున్నారు. వాటికి పోలికే లేదని ఆయన తేల్చి చెప్పారు. 1552లో పని మొదలుపెట్టారు. ఎనిమిది వందలకు పైగా గ్రంథాలు పరిశీలించారు. రైతులను, జాలరులను, కట్టెలు కొట్టేవారిని, వేటగాళ్లను అడిగి తెలుసుకున్నారు. అలుగు చీమలను తింటుందన్న మాట నిజమో కాదో చూడటానికి దాని పొట్ట కోసి చూశారు. ఉమ్మెత్త పువ్వును మద్యంలో కలిపి తానే త్రాగి, మత్తు ఎలా ఎక్కుతుందో గమనించారు. ఇరవై ఆరేళ్ల శ్రమతో, మూడుమార్లు తిరగవ్రాసి, 1578లో ముగించిన ఆ గ్రంథమే బెన్‌త్సావ్ గాంగ్‌మూ. అందులో 52 సంపుటాలు, 1,892 ద్రవ్యాలు, పదకొండు వేలకు పైగా యోగాలు ఉన్నాయి. 374 ద్రవ్యాలు ఆయన కొత్తగా చేర్చినవి.

వృద్ధుల చికిత్సలో ఆయన వివేకం ఆ గ్రంథంలోని రెండు ఉదంతాలలో చక్కగా కానవస్తుంది. అరవై దాటిన ఒక ముదుసలికి ఐదేళ్లుగా విరేచనాలు. మాంసమో, నూనె పదార్థమో, చల్లనిదో తింటే చాలు, కడుపునొప్పి. విరేచనం కట్టడానికి ఇచ్చిన మందులన్నీ బెడిసికొట్టాయి. నాడి చూసిన షిజెన్, లోపల పేరుకున్న మలినమే కారణమని నిర్ణయించి, మైనం పొదిగిన నేపాళం గుళికలు యాభై ఇచ్చారు. నేపాళమంటే తీవ్ర విరేచనకారి, విషద్రవ్యం. విరేచనాల రోగికి దానినివ్వడం వినడానికే భయం. అయితే ఆమెకు కొత్తగా విరేచనం కాలేదు, పాతరోగం పోయింది. మరొకరు రాచకుటుంబపు స్త్రీ, వయసు అరవైకి చేరువ. ఆమెది ముప్పై ఏళ్లకు పైబడిన మలబద్ధకం. బలం పేరిట ఇచ్చిన మందులతో గుండెల్లో బరువు పెరిగింది, భేదిమందులకు చలనమే లేదు. ఆమె స్థూలకాయం, భోజనం, మనోవ్యాకులత అన్నీ విచారించి వేరే ద్రవ్యాలతో గుళికలు కట్టి నయం చేశారు. ముసలివారికి బలం మందులే క్షేమం, తీక్ష్ణమైనవి ప్రమాదం అన్న సాధారణ నమ్మకాన్ని ఆయన ఉభయత్రా పక్కన పెట్టారు. అయితే అది ఆయన వంటి నాడీజ్ఞుని సమక్షంలో సాగిన చికిత్స. పుస్తకం చదివి ఇంట్లో నేపాళం మింగితే ఫలితం వేరు.

గ్రంథం పూర్తయినా అచ్చువేసేవారు దొరకలేదు. 1580లో ప్రసిద్ధ రచయిత వాంగ్ షిజెన్‌ను దర్శించి పీఠిక కోరగా, అది చేతికందడానికి మరో పదేళ్లు పట్టింది. నాన్‌జింగ్‌లోని ఒక ప్రచురణకర్త ముద్రణకు పూనుకున్నా, అచ్చు పుస్తకం లోకంలోకి రాకముందే 1593లో గ్రంథకర్త కన్నుమూశారు. 1596లో ఆయన కుమారుడు లీ జియెన్‌యువాన్ ప్రతిని వాన్‌లీ చక్రవర్తికి సమర్పించాడు. 1607 నాటికి అది జపాను చేరింది. 2011లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఆయన పోరాడిన పేర్ల గందరగోళం మాత్రం ఆయనతో పోలేదు. 1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గించే గుళికలలో ఒక ఫాంగ్‌జీకి బదులు మరో ఫాంగ్‌జీ పడింది. మొదటిది స్టెఫానియా, రెండవది అరిస్టొలోకియా. మన పొలాలలోని గాడిదగడపాకు, ఈశ్వరి వేరు కూడా ఈ రెండవ కుటుంబానివే. ఆ మందు వాడిన వంద మందికి పైగా స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తరువాత మూత్రనాళాలలో క్యాన్సర్ తలెత్తింది. 2003లో చైనా సైతం అదే కుటుంబపు క్వాన్ ముతుంగ్‌ను నిషేధించింది. అరిస్టొలోకియా జాతికి చెందిన మాదౌలింగ్ లీ షిజెన్ గ్రంథంలోనూ మందుగానే ఉంది. ఏళ్ల తర్వాత మూత్రపిండాన్ని ఎండగట్టే విషాన్ని నాడి పట్టి కనుగొనడం ఆ కాలంలో ఎవరి తరమూ కాదు.

ఆయన ఎరుగని చిక్కు మరొకటి నేటి వృద్ధులది. ఉదయం రక్తం పలుచబరచే వార్ఫరిన్ మాత్ర వేసుకొని, సాయంత్రం తాంగ్‌కుయ్ లేదా తాన్‌షెన్ కషాయం త్రాగితే రక్తస్రావం కావచ్చు. అతిమధురం ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గుతుంది. గుండెజబ్బుకు డిజాక్సిన్ వాడేవారికి అది మరింత ముప్పు. సరిగా శుద్ధి చేయని నాభి గుండె లయనే తప్పిస్తుంది. వయసుతో మూత్రపిండాల శక్తి సన్నగిల్లడం వల్ల పడుచువారికి సరిపోయే మోతాదు పెద్దలకు అధికమవుతుంది. అందుకే చైనాలోనూ, బయటా, వాడే మూలికలన్నిటి పేర్లూ డాక్టరుకు చెప్పమని వృద్ధులను అడుగుతున్నారు.

ఛీచున్‌లో యూహూ సరస్సు సమీపాన తల్లిదండ్రుల సమాధుల చెంతనే లీ షిజెన్ సమాధి ఉంది. ఆ ఊరి మాచిపత్రి జాతి మొక్క మీద ఆయన తండ్రి ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. ఎండబెట్టిన ఆ ఆకును నేటికీ ఛీచౌ పేరుతోనే అమ్ముతారు.