ఇంగ్లిష్ రాని కుర్రాడు.. ఇంగ్లిష్ కవి అయ్యాడు!

ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే గొంతు తడారిపోతోందా? అయితే కవి, చిత్రకారుడు ఖలీల్ జిబ్రాన్ సంగతి మీరు తెలుసుకోవాల్సిందే.

పుట్టింది 1883లో, లెబనాన్ కొండల్లోని బ్షర్రీలో. 1895లో తల్లి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికాలోని బోస్టన్‌కి వలస వచ్చింది. 12 ఏళ్ల జిబ్రాన్‌కి ఇంగ్లిష్ ముక్క రాదు. బడిలో వలస పిల్లల ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టారు. బొమ్మలు మాత్రం అదరగొట్టేవాడు. పబ్లిషర్ ఫ్రెడ్ హాలండ్ డే అవి చూసి చేరదీశాడు. టీనేజ్‌లోనే అతని బొమ్మలు పుస్తకాల అట్టల మీదికెక్కాయి. తర్వాత బీరుట్ వెళ్లి అరబిక్ చదువుకున్నాడు.

ఇక అంతా సాఫీ అనుకుంటున్నారా? 1902-03లో చెల్లెలు, అన్న, తల్లి ఒకరి తర్వాత ఒకరు పోయారు. మిగిలింది ఇంకో చెల్లెలు మరియానా. ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడిపింది. అన్నయ్య బొమ్మలు వేసుకున్నాడు, రాసుకున్నాడు. 1904లో డే స్టూడియోలో ప్రదర్శన పెట్టాడు. అదే ఏడాది ఆ భవనం అంటుకుని బొమ్మలన్నీ బూడిదయ్యాయి. మనకిలా బ్యాకప్ లేదు!

ఆ ప్రదర్శనలోనే స్కూల్ హెడ్‌మిస్ట్రెస్ మేరీ హాస్కెల్ పరిచయమైంది. 1908లో ఆమె డబ్బుతోనే పారిస్ వెళ్లి చిత్రకళ నేర్చుకున్నాడు. అతని ఇంగ్లిష్ రాతల్ని ఆమే దిద్దేది. పేరొచ్చాక కూడా దిద్దించుకోవడానికి మొహమాటపడలేదు.

తొలి ఇంగ్లిష్ పుస్తకం ‘ది మ్యాడ్‌మ్యాన్’ 1918లో వచ్చింది. అంటే అమెరికాలో అడుగుపెట్టిన 23 ఏళ్లకి. 1923లో వచ్చిన ‘ది ప్రొఫెట్’ ప్రపంచమంతా తిరిగింది. బొమ్మలూ తనవే. మన కాళోజీ దాన్ని ‘జీవన గీత’గా తెలుగులోకి తెచ్చారు. 1931లో, 48 ఏళ్లకే జిబ్రాన్ న్యూయార్క్‌లో చనిపోయాడు. పుస్తకాల రాయల్టీ సొంతూరికి రాసిచ్చాడు.

అందరూ అతని ప్రతిభ గురించే చెబుతారు. మరియానా సూది, మేరీ పెన్సిల్ గురించి పెద్దగా చెప్పరు. మీరు కోచింగ్‌లో ఉన్న ఈ రోజుల్లోనూ ఇంట్లో ఎవరో ఒకరు ఆ సూది పట్టుకునే ఉంటారు. ఆ సాయం తీసుకోవడం నామోషీ కాదు, మర్చిపోతేనే తప్పు. ఇవాళే మీ రెజ్యూమె, నాలుగు లైన్ల పరిచయం ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒకరి చేతిలో పెట్టండి. ఎర్ర గీతలు పడితే పడనివ్వండి. జిబ్రాన్‌కీ పడ్డాయి.