ఎక్స్‌ కిరణాల జాడ పట్టిన సన్యాసి

రాంగోపాల్‌పేట్: సికింద్రాబాద్‌లోని ఈ ప్రాంత ప్రజలు నేడు ఎక్స్‌రే తీయించుకుంటే ఫిలిం కడిగి ఆరబెట్టేదాకా వేచి ఉండనక్కరలేదు. చిత్రం క్షణాల్లో కంప్యూటర్‌ తెరపైకి వస్తుంది. ఆ కిరణాలను పట్టి కొలవడమే ఒక తపస్సుగా ఉన్న రోజుల్లో ఆ పనికి పూనుకున్న తెలుగు సన్యాసి స్వామి జ్ఞానానంద.

నేటి పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో ఆయన జన్మించారు. పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాల్లో యోగసాధన చేశారు. 1927లో జర్మనీ చేరి, యోగంపై ఉపన్యసిస్తూనే ఐన్‌స్టీన్‌ సాపేక్ష సిద్ధాంతానికి ఆకర్షితులయ్యారు. సర్వం త్యజించిన వ్యక్తి ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ విద్యార్థి కావడం సామాన్య విషయం కాదు.

ప్రేగ్‌లోని చార్లెస్‌ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి 1936లో డాక్టరేట్‌ పొందారు. స్ఫటికంపై పడిన కిరణాలు తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేర్వేరు కోణాల్లో వెలువడతాయి. వాటిని ఫొటో ఫలకంపై గీతలుగా బంధించి, వాటి స్థానాలను సూక్ష్మంగా కొలవాలి. బలహీన కిరణాలను గాలి మింగేస్తుంది కనుక పరికరంలో శూన్యం కల్పించాలి. ఆ విద్యపై ఆయన రచించిన ‘హై వాక్యువా’ గ్రంథం 1947లో అమెరికాలో వెలువడింది.

అంతకుముందే లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్‌ వద్ద బీటా కిరణాలపై పరిశోధన సాగించారు. స్వదేశం వచ్చాక ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి అణుభౌతికశాస్త్ర విభాగం ఆయన చేతులమీదుగా రూపుదిద్దుకున్నదే. 1969లో కన్నుమూశారు.

ఆయన చివరి దశాబ్దంలోనే సిలికాన్‌, జర్మేనియం వంటి అర్ధవాహకాలు ఫలకాల స్థానాన్ని ఆక్రమించసాగాయి. నేటి ఆసుపత్రుల్లో అనేక యంత్రాలు ఎక్స్‌ కిరణాన్ని తొలుత వెలుగుగా, పిదప విద్యుత్తుగా మారుస్తాయి. ఆ వెలుగు పక్కలకు చెదిరి చిత్రం కొంత మసకబారుతుంది. సెలీనియం, కాడ్మియం టెల్లురైడ్‌ పదార్థాల్లో ఆ మధ్య మెట్టు లేదు. కిరణం నేరుగా విద్యుత్తవుతుంది. రొమ్ము పరీక్షల్లో సెలీనియం ఎప్పటినుంచో వాడుకలో ఉంది. ఇప్పుడు పరిశోధకుల దృష్టి పెరోవ్‌స్కైట్‌ స్ఫటికాలపై ఉంది. రోగి శరీరంపై పడే కిరణాల మోతాదును తగ్గించడం వారి లక్ష్యం.

గొరగనమూడికి చేరువలోని మోగల్లులో పుట్టిన ఎ.ఎస్‌.రావు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నెలకొల్పారు. ఆ సంస్థ రేడియేషన్‌ను కొలిచే పరికరాలను తయారుచేసింది. ఆయన పేరిట వెలసిన కాలనీ నగరవాసులకు సుపరిచితమే. స్వామి పేరు మాత్రం విశాఖలో అణు పరిశోధన ప్రయోగశాలలకు ఉంది.