వేడిని నమ్ముకున్న రుడాల్ఫ్ డీజిల్

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనకు కొత్త ఊరు, కొత్త బడి, కొత్త భాష. అలాగే ఊళ్లు మారుతూ పెరిగిన ఒకరి పేరును మనం రోజూ పెట్రోలు బంకులో చదువుతున్నాం. ఆయనే రుడాల్ఫ్ డీజిల్.

ఆయన 1858లో పారిస్‌లో, జర్మన్ దంపతులకు జన్మించారు. 1870లో ఫ్రాన్స్‌కూ జర్మన్లకూ యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్ వెళ్లిపోవలసి వచ్చింది. అక్కడి నుంచి పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, లెక్కల మాస్టారైన బంధువు ఇంటికి పంపారు. తర్వాత ఆయన మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదివారు. టైఫాయిడ్ వల్ల తోటివారితో కలిసి పరీక్ష రాయలేకపోయినా, 1880లో ఎంతో ఉన్నతంగా ఉత్తీర్ణులయ్యారు.

ఆ రోజుల్లో ఆవిరి యంత్రాలు బొగ్గు ఇచ్చే వేడిలో సుమారు పదో వంతునే పనిగా మార్చేవి. మిగిలినదంతా వృథా. డీజిల్‌ను ఈ సంగతే కలవరపెట్టింది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మనకు తెలుసు కదా! గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంజన్‌లో గాలిని ఇంకా ఎంతో గట్టిగా నొక్కి, అందులోకి ఇంధనం వదిలితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుందని ఆయన ఆలోచన.

1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్‌లో తొలి ఇంజన్‌ను పరీక్షించారు. ఇంధనం మండగానే పీడనం కొలిచే పరికరం పేలిపోయింది. వేడి బయటికి పోకూడదని ఆ ఇంజన్‌ను నీటితో చల్లబరిచే ఏర్పాటు చేయలేదు. అది కుదరదని అనుభవం నేర్పింది. తర్వాత సిలిండర్ చుట్టూ నీరు ఉండేలా మార్చారు. కొంత వేడిని వదులుకుంటేనే ఇంజన్ నిలుస్తుందని ఆయన ఒప్పుకున్నారు. 1897లో ఆయన ఇంజన్ ఇంధనపు వేడిలో 26 శాతాన్ని పనిగా మార్చింది.

పేరు, డబ్బు వచ్చాయి. పేటెంటు తగాదాలు, అనారోగ్యం, అప్పులు కూడా వచ్చాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలోంచి ఆయన అదృశ్యమయ్యారు. కొన్ని రోజులకు సముద్రంలో కనిపించిన దేహంపై దొరికిన వస్తువులను కుమారుడు గుర్తుపట్టారు. అసలేం జరిగిందో నేటికీ తేలలేదు. లారీలలో, రైళ్లలో ఆయన ఇంజన్ ఇంటింటికీ తెలిసింది ఆయన పోయాకే.

మళ్లీ బదిలీ వచ్చి మన సామాన్లు లారీ ఎక్కినప్పుడు, దాని బానెట్ దగ్గర సెగ తగులుతుంది. అప్పుడు ఇల్లు వదిలి ఆగ్స్‌బర్గ్ చేరిన ఆ పన్నెండేళ్ల బాలుణ్ణి తలచుకుందాం.