రోల్స్ రాయిస్‌లో రోల్స్ ఎవరు?

రోల్స్ రాయిస్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి దాని ధర, తలుపులోంచి బయటికొచ్చే ఆ గొడుగు. అది ఇద్దరు మనుషుల పేరని తెలిసినా, ఆ ఇద్దరూ ఎవరని పెద్దగా పట్టించుకోం.

ఈ సంచికకి ఎప్పుడో చనిపోయిన ఒక ప్రముఖుడి జీవితం రాయమన్నప్పుడు నా మనసు ముందు రాయిస్ మీదకే పోయింది. తండ్రి పిండిమర వ్యాపారంలో దెబ్బతిన్నాడు. పిల్లాడు చిన్నప్పుడే వీధుల్లో పేపర్లు అమ్మాడు. చదువు పెద్దగా లేకుండానే గొప్ప ఇంజినీరయ్యాడు. ఇలాంటి కథలంటే మనకి ఎప్పుడూ ఇష్టమే కదా. రోల్స్ దానికి పూర్తిగా రివర్స్. పుట్టుకతోనే కోటీశ్వరుడు. అయినా అతని గురించి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. మొదటి కారు కొనేనాటికి అతనిది మన వయసే. మనలాగే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పైగా అతను రోడ్డెక్కేనాటికి ఇంగ్లండులో కారు నడపడమంటే పోలీసులతో పెట్టుకోవడమే!

చార్లెస్ స్టూవర్ట్ రోల్స్ 1877 ఆగస్టు 27న లండన్‌లో పుట్టాడు. వాళ్ళది వేల్స్‌లోని మాన్‌మత్ దగ్గర పెద్ద ఎస్టేట్ ఉన్న కుటుంబం. తండ్రికి లార్డ్ బిరుదు కూడా వచ్చింది. చార్లెస్ మూడో కొడుకు. ఈటన్ స్కూల్లో చదివేటప్పుడు ఎప్పుడూ ఇంజన్ల చుట్టూ తిరిగి, చేతులకి గ్రీజు పూసుకుని కనపడేవాడని తోటి పిల్లలు మురికి రోల్స్ అని పేరు పెట్టారు. తర్వాత కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో మెకానికల్, అప్లైడ్ సైన్స్ చదివాడు. అంటే మన లెక్కలో మెకానికల్ బ్రాంచ్.

1896లో పారిస్ వెళ్ళి ఒక ప్యూజో కారు కొన్నాడు. దాని పవర్ నాలుగు హార్స్‌పవర్ కూడా ఉండదు. ఇప్పటి స్కూటీ దానికంటే నయం. కేంబ్రిడ్జ్‌లో ఉన్న మొదటి కారు అదేనని అంటారు.

ఇక్కడ అప్పటి చట్టం గురించి కొంచెం చెప్పాలి. 1865లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. గుర్రం లేకుండా రోడ్డు మీద కదిలే ఏ బండైనా ఊరి బయట గంటకి 4 మైళ్ళు, ఊళ్ళో 2 మైళ్ళు దాటకూడదు. బండికి ముగ్గురు మనుషులుండాలి. వాళ్ళలో ఒకడు ఎర్రజెండా పట్టుకుని 60 గజాల ముందు నడవాలి. 1878లో జెండాని తప్పనిసరి కాకుండా చేశారు గానీ, ముందు నడిచే మనిషిని మాత్రం ఉంచారు, 20 గజాల దూరంలో. ఇది మనకి నవ్వొచ్చే విషయమే. కానీ చట్టం రాసినప్పుడు వాళ్ళ కళ్ళ ముందున్నది కారు కాదు. టన్నుల బరువుతో, పొగలు కక్కుతూ వచ్చే ఆవిరి ట్రాక్షన్ ఇంజన్. దాన్ని చూసి గుర్రాలు బెదిరేవి, రోడ్లు పాడయ్యేవి. పాత సిస్టమ్‌కి రాసిన రూల్‌ని కొత్త సిస్టమ్ మీద అలాగే రన్ చేశారన్నమాట.

దీని ఫలితం ఎలా ఉండేదో తెలియాలంటే వాల్టర్ ఆర్నాల్డ్ కేసు చూడాలి. 1896 జనవరిలో కెంట్ ప్రాంతంలోని ఒక ఊళ్ళో అతను గంటకి 8 మైళ్ళ వేగంతో కారు నడిపాడు. అంటే సుమారు 13 కిలోమీటర్లు. అక్కడి లిమిట్ 2 మైళ్ళు. ఒక కానిస్టేబుల్ భోజనం వదిలేసి సైకిలెక్కి, 5 మైళ్ళు తరిమి మరీ పట్టుకున్నాడు. అతివేగానికి వేసిన జరిమానా ఒక్క షిల్లింగు. ప్రపంచంలో మొదటి స్పీడింగ్ కేసుగా చెప్పుకునేది ఇదే. సైకిల్ కారుని చేజ్ చేసి గెలిచిందంటే అప్పటి కార్లు ఎలా ఉండేవో ఊహించుకోండి.

అదే ఏడాది రోల్స్ తన ప్యూజోని లండన్‌లోని విక్టోరియా స్టేషన్ నుంచి కేంబ్రిడ్జ్‌కి నడుపుకుంటూ వెళ్ళాడు. పట్టిన టైం 11 గంటల 45 నిమిషాలు. సగటు వేగం గంటకి నాలుగున్నర మైళ్ళు, అంటే ఏడు కిలోమీటర్ల పైచిలుకు. మన కాలేజీ బస్సు ట్రాఫిక్ జామ్‌లో కూడా ఇంతకంటే ఫాస్ట్‌గానే పోతుంది. కానీ ఒక్కసారి లెక్క చూడండి. చట్టం చెప్పిన గరిష్ఠ వేగం 4. ఇతని సగటే నాలుగున్నర. అంటే ఆ నత్తనడకతో కూడా అతను చట్టాన్ని దాటేశాడు. సెలవులకి కేంబ్రిడ్జ్ నుంచి మాన్‌మత్ దగ్గరి ఇంటికి ఇదే కారులో బయల్దేరితే దాదాపు మూడు రోజులు పట్టింది. మెకానిక్ షాపులు లేవు, పెట్రోల్ బంకులు లేవు. గుర్రబ్బండ్లు తప్ప ఏమీ తిరగని రోడ్లు. బండి ఆగితే కింద దూరి తనే బాగుచేసుకోవాలి. మురికి రోల్స్ అనే పేరుకి పూర్తి న్యాయం చేశాడు.

రోల్స్ ఈ రూల్స్‌ని తిట్టుకుంటూ కూర్చోలేదు. వాటిని మార్చాలని పోరాడుతున్న సంఘంలో చేరాడు. 1896 నవంబరు 14న కొత్త చట్టం అమల్లోకొచ్చింది. ముందు నడిచే మనిషి పోయాడు. లిమిట్ 14 మైళ్ళకి పెంచినా, అధికారులు దాన్ని 12కి తగ్గించారు. సంతోషం పట్టలేక ఆ రోజే కార్ల వాళ్ళంతా లండన్ నుంచి బ్రైటన్ దాకా ఊరేగింపుగా వెళ్ళారు. ఇప్పటికీ ప్రతి నవంబరులో పాతకాలపు కార్లతో ఆ ప్రయాణం జరుగుతూనే ఉంది. 1905కి ముందు తయారైన వాటినే రానిస్తారు.

తర్వాత 1900లో ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళు వెయ్యి మైళ్ళ ట్రయల్ పెట్టారు. లండన్ నుంచి ఎడిన్‌బరా వెళ్ళి తిరిగి రావాలి. అంతవరకూ కారు మొహమే చూడని ఊళ్ళ మీదుగా వెళ్ళడమే దాని ఉద్దేశం. రోల్స్ 12 హార్స్‌పవర్ పనార్డ్ నడిపి బంగారు పతకం గెలిచాడు. 1903లో మోర్స్ అనే ఫ్రెంచి కారులో గంటకి దాదాపు 83 మైళ్ళ వేగం అందుకున్నాడు. అంటే 133 కిలోమీటర్లు! టైం కొలిచిన పరికరాలకి గుర్తింపు లేదని దాన్ని అధికారిక రికార్డుగా ఒప్పుకోలేదు. ఒక పక్క మనిషి 83 మైళ్ళు నడిపి చూపించాడు. ఇంకో పక్క చట్టం 12 దగ్గరే ఉంది.

అదే 1903లో చేసిన చట్టం లిమిట్‌ని 20 మైళ్ళు చేసింది. నంబరు ప్లేటు, డ్రైవింగ్ లైసెన్సు కూడా దాంతోనే వచ్చాయి. పోలీసులూ అప్‌డేట్ అయ్యారు. ఖాళీ రోడ్డు మీద కొంత దూరం కొలిచి పెట్టుకుని, పొదల వెనక స్టాప్‌వాచ్‌తో దాక్కునేవారు. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. మన స్పీడ్ కెమెరాల వెనకున్న ఐడియా కూడా మొదట ఇదే. 220 గజాల్ని 20 మైళ్ళ వేగంతో దాటాలంటే 22.5 సెకన్లు పడుతుంది. వాచీ నొక్కడంలో ఒక్క సెకను తేడా వస్తే వేగం దాదాపు 21 అయిపోతుంది, మనిషి కోర్టులో ఉంటాడు. 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టిందే ఇలాంటి ఉచ్చుల గురించి డ్రైవర్లని ముందే హెచ్చరించడానికి. వాళ్ళ మనుషులు సైకిళ్ళ మీద తిరిగి సైగలు చేసేవారు. ఇప్పుడు ఎదురొచ్చే లారీ వాళ్ళు లైట్లు కొట్టి చెప్తారు చూడండి, అదే బాపతు.

ఇంతలో రోల్స్ తండ్రి దగ్గర 6,600 పౌన్లు తీసుకుని లండన్‌లో కార్ల షోరూమ్ పెట్టాడు. అమ్మేవన్నీ విదేశీ కార్లే. మన దేశంలో మంచి కారు తయారవదా అన్నది అతని బాధ. 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో హెన్రీ రాయిస్‌ని కలిశాడు. రాయిస్ కారుకి రెండే సిలిండర్లు. ఆ రకం ఇంజన్లు దడదడలాడతాయని రోల్స్‌కి అసలు నచ్చేవి కావు. ఎక్కి చూశాక మాత్రం మాట్లాడ్డానికేమీ మిగల్లేదు. రాయిస్ తయారుచేసే కార్లన్నీ రోల్స్ అమ్మాలని, వాటికి ఇద్దరి పేర్లూ పెట్టాలని అనుకున్నారు. 1906లో కంపెనీ ఏర్పడింది. ఆ ఏడే ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులో రోల్స్ తమ కారుని గంటకి 39 మైళ్ళ సగటుతో నడిపి గెలిచాడు. ఆ రేసు ఆ చిన్న ద్వీపంలోనే ఎందుకంటే అక్కడి పార్లమెంటు వేరు. రేసు కోసం రోడ్లు మూయడానికి అది ఒప్పుకుంది. ఇంగ్లండు రోడ్ల మీద 20 దాటితే కేసే.

మనకి కూడా ఒక లింకుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాళ్ళ పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు వచ్చేలోపే 1911లో ఆయన చనిపోయాడు. అప్పటికి రోల్స్ కూడా లేడు.

అక్కడికి వెళ్ళేముందు చిన్న విషయం. మా అన్నయ్య, అంటే బాబాయి కొడుకు, వాళ్ళ నాన్న వాడిన పాత యమహా ఆర్‌ఎక్స్ 100ని ప్రాణంగా చూసుకుంటాడు. ఆదివారం తెల్లారకముందే ఖాళీ రోడ్డు మీదకి తీస్తాడు, నేను వెనక కూర్చుంటాను. ఒకసారి పోలీసాయన ఆపాడు. చలానా ఖాయం అనుకున్నాం. ఆయన కాగితాలు చూసి ఇచ్చేశాడు. తర్వాత వంగి ముందు బ్రేకు కేబుల్ పట్టుకుని చూపించాడు. తీగల్లో సగం తెగిపోయి ఉన్నాయి. చలానా రాయలేదు, కేబుల్ మార్పించుకునేదాకా మెల్లగా పొమ్మన్నాడు. అన్నయ్య దారంతా సైలెంట్. ఆ కేబుల్‌కి మేమెంత మంచి రైడర్లమో తెలీదు, రోడ్డు ఎంత ఖాళీగా ఉందో కూడా తెలీదు. రోల్స్ చివరి రోజుల గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

రోల్స్‌కి రోడ్డు సరిపోలేదు. ముందు బెలూన్లు. సుమారు 170 సార్లు ఎగిరాడు. 1908లో ఫ్రాన్సులో విల్బర్ రైట్ పక్కన కూర్చుని విమానంలో తిరిగాడు. రైట్ ఫ్లయర్ కొని, దాని మీద 200కి పైగా సార్లు ఎగిరాడు. విమానం ఇంజను చేద్దామని రాయిస్‌ని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. 1910లో కంపెనీ రోజువారీ పనుల నుంచి తప్పుకున్నాడు. ఆ జూన్ 2న డోవర్ నుంచి ఎగిరి, ఇంగ్లీషు ఛానెల్ దాటి, ఫ్రాన్సులో దిగకుండానే వెనక్కి తిరిగొచ్చాడు. మొత్తం 95 నిమిషాలు. అలా ఆగకుండా రెండు వైపులా దాటిన మొదటి మనిషి అతనే.

నలభై రోజులు గడిచాయి. జులై 12న బోర్న్‌మత్‌లో విమానాల పోటీ. గుర్తుపెట్టిన చోట దిగాలి. దిగుతుండగా అతని రైట్ ఫ్లయర్ తోక భాగం విరిగిపోయింది. జనం చూస్తుండగానే నేల మీద పడ్డాడు. ఇంజను విమానం ప్రమాదంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ మనిషి రోల్స్. వయసు 32. పెళ్ళి కాలేదు.

రోడ్డు మీద రోల్స్ దాటిన హద్దులు మనుషులు పెట్టినవి. వాటిలో కొన్ని నిజంగానే అర్థం లేనివి, అతను మార్పించడంలో పాలుపంచుకున్నాడు కూడా. అందుకు మనం థ్యాంక్స్ చెప్పాలి. కానీ గాల్లో అతని ముందు చట్టమూ లేదు, సైకిల్ కానిస్టేబులూ లేడు. అక్కడున్న లిమిట్ ఆ తోక చెక్క, తీగలు మోయగలిగిన బరువు. దాన్ని ఏ సంఘమూ పార్లమెంటుకి వెళ్ళి పెంచలేదు. లెక్క కట్టి, పరీక్ష చేసి, మళ్ళీ కట్టి మాత్రమే పెంచగలం. ఆ పని మనలాంటి వాళ్ళది. ఏది భయంతో పెట్టిన రూలో, ఏది నిజంగా మెటీరియల్ పెట్టిన రూలో తేడా తెలుసుకోవడానికే కదా నాలుగేళ్ళు ఇక్కడ కూర్చుంటున్నాం.

రోల్స్ అడిగిన విమానం ఇంజన్ని రాయిస్ తర్వాత యుద్ధకాలంలో చేశాడు, 1915లో. ఈగిల్ అని పేరు. ఇవాళ ఎయిర్‌బస్ ఏ350 విమానాలన్నిటికీ ఉన్నవి రోల్స్ రాయిస్ ఇంజన్లే.

మాన్‌మత్ ఊరి మధ్యలో రోల్స్ విగ్రహం ఉంది. పేరు కార్లతో వచ్చింది కదా, పక్కన ఒక కారు ఉంటుందనుకుంటాం. లేదు. చేతిలో చిన్న విమానం బొమ్మ పట్టుకుని, దాన్నే పరీక్షగా చూస్తూ నిలబడి ఉంటాడు.