డబ్బా మూత విప్పిన మనిషి.. ఏఎస్ రావు

సీపీయూ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్ అని వచ్చి ఆగిపోతుంది. బీటెక్ థర్డ్ ఇయర్‌లో, కరీంనగర్ రూమ్‌లో నాకు ఇదే ఎదురైంది. తెల్లారితే ఆన్‌లైన్ టెస్ట్. షాపుకు పట్టుకెళ్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలన్నారు. జేబులో అన్ని పైసలు ఎక్కడివి? డబ్బా వాపసు తెచ్చి, భయపడుతూనే మూత విప్పా. ర్యామ్ పీకి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ ఎరేజర్‌తో రుద్ది మళ్లీ గుచ్చా. డిస్‌ప్లే వచ్చేసింది. మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు. మన దగ్గర దుమ్ము ఎక్కువ, అంతే.

కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లే మన దోస్తులు జేబీఎస్‌లో దిగగానే ఈసీఐఎల్ అని బోర్డున్న సిటీ బస్సులు చూస్తారు. దాని పక్కనే ఏఎస్ రావు నగర్. హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, షోరూమ్‌లు. ఆ రావు ఎవరని అడిగితే చాలామంది ఎవరో లీడర్ అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నా. ఆయన లీడర్ కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్. ఈ దేశంలో డబ్బా మూత విప్పి, లోపల ఏముందో చూసి, మనమే చేద్దామని కూర్చున్న మొదటి తరం మనిషి.

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమగోదావరిలో భీమవరం దగ్గర మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు కుటుంబానిదీ అదే ఊరు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశారు. తర్వాత అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో ఇంకో మాస్టర్స్. ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ అంటే మనకు సిలికాన్ వ్యాలీ గుర్తొస్తుంది. ఆయన చదివిన రోజుల్లో సిలికాన్ వ్యాలీ అనే మాటే లేదు, ట్రాన్సిస్టర్ కూడా ఇంకా బజారుకు రాలేదు. రేడియోలు, కొలత పరికరాలు అన్నీ గాజు వాల్వుల మీదే నడిచేవి.

తిరిగొచ్చి హోమీ భాభా టీమ్‌లో చేరారు. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత ట్రాంబే. అణుశక్తి కార్యక్రమం అంటే యురేనియం, రియాక్టర్ అనుకుంటాం గానీ, కళ్లకు కనిపించని రేడియేషన్‌ను కొలవాలంటే పరికరం కావాలి. ఆ పరికరాలు విదేశాల నుంచి రావాలి. కొనడానికి డాలర్లు లేవు. తీరా కొన్నాక చెడిపోతే బాగుచేసేవాడు సముద్రం అవతల ఉంటాడు. రావు గ్రూప్ చేసిన పని ఇక్కడే మొదలైంది. రేడియేషన్ కౌంటర్లు, యాంప్లిఫయర్లు, పవర్ సప్లైలు ఒక్కొక్కటిగా తామే తయారు చేసుకుంటూ పోయారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాని ఎలక్ట్రానిక్ కంట్రోల్ సిస్టమ్ మాత్రం రావు టీమ్ ఇక్కడే తయారు చేసింది. ఈసీఈ వాళ్లు ఈ ముక్క కాస్త ఆగి చదవండి. రియాక్టర్ లోపల డిటెక్టర్ ఇచ్చే కరెంటు చాలా చాలా చిన్నది. దాన్ని పెద్దది చేయాలి, మీటర్ మీద చూపాలి, గీత దాటితే కంట్రోల్ రాడ్లు వెంటనే లోపలికి పడిపోవాలి. మీటర్ ముల్లు కదలకపోతే తప్పు ఎక్కడుంది? డిటెక్టర్‌లోనా, వైరులోనా, యాంప్లిఫయర్‌లోనా, మీటర్‌లోనేనా? ముల్లు కదల్లేదని రియాక్టర్ ఆగిపోయిందనుకుంటే కొంప మునుగుతుంది. అందుకే వరుసలో ఒక్కో మెట్టునూ విడిగా చెక్ చేయగలిగేలా కట్టాలి.

మానిటర్ మీద నో సిగ్నల్ వచ్చినా లెక్క ఇదే. నో సిగ్నల్ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయంటే మానిటర్ బతికే ఉందని అర్థం. అది తనకు ఏమీ అందట్లేదని చెబుతోంది. ముందు కేబుల్ రెండు చివర్లూ చూడండి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరిగ్గా ఉందో లేదో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకు పెట్టారా? సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత ర్యామ్. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. అదే స్క్రీన్ మొత్తం నల్లగా ఉండి, పవర్ లైటు మాత్రం వెలుగుతుంటే, గది చీకటి చేసి ఫోన్ టార్చ్ వాలుగా కొట్టండి. మసకగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, వెనకాల వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పోయింది. రిపేర్ షాపులో ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే మీతో మాట్లాడే తీరే మారుతుంది. విప్పకూడనిది ఒకటుంది. సీపీయూ వెనకాల ఉండే ఎస్ఎంపీఎస్ డబ్బా. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిల్వ ఉంటుంది. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబ్ అయితే మరీ ప్రమాదం, అందులో వేల వోల్టులు.

సరే, రావు దగ్గరికే వద్దాం. 1962 చైనా యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో మనం ఎంత వెనకబడ్డామో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన కమిటీ వేశారు. అందులో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. కమిటీ ఆలోచన మాత్రం ఆగలేదు. ల్యాబులో చేసినవి ల్యాబులోనే ఉండిపోతే లాభం లేదు, ఫ్యాక్టరీ కావాలి. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఈసీఐఎల్ పుట్టింది. తొలి మేనేజింగ్ డైరెక్టర్ రావే.

1969లో టీడీసీ-12 వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 బిట్ల మిషన్. ఇప్పుడు మన జేబులో ఫోన్ 64 బిట్లది, నవ్వొస్తుంది కదా. కానీ అప్పుడు దేశంలో కంప్యూటర్ అంటే విదేశీ కంపెనీ అద్దెకిచ్చే మిషన్. దాని మూత విప్పే హక్కు వాడేవాడికి లేదు. టీడీసీ-312, టీడీసీ-316 ఆ తర్వాత వచ్చాయి. మైక్రోప్రాసెసర్ల కాలం వచ్చాక మైక్రో-78 వచ్చింది.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఈసీఐఎల్ కంప్యూటర్ల మీద విమర్శలు చాలా వచ్చాయి. విదేశాల్లో అలాంటిదే తక్కువ ధరకు, ముందే దొరుకుతుంటే ఇది ఆలస్యం, ఖరీదు ఎక్కువ అన్నారు. 1970ల్లో మినీ కంప్యూటర్లలో పోటీ లేకుండా చేసి ఆ సంస్థను కాపాడారన్న మాట కూడా ఉంది. ఆ విమర్శలో పస ఉందనే నేను అనుకుంటా. కాకపోతే లెక్క మిషన్ ధరతోనే ఆగదు. మెమరీ ఎందుకు ఫెయిలవుతుంది, సాఫ్ట్‌వేర్ ఎట్లా రాయాలి, సర్వీసు ఎట్లా చేయాలి అన్నది చేత్తో నేర్చుకున్న మనుషులు ఆ గేటు లోపల తయారయ్యారు. కొన్న డబ్బాతో అది రాదు.

స్క్రీన్ విషయానికొస్తే ఈసీ టీవీ. అప్పటిదాకా టీవీలు వాల్వులతో నడిచేవి. అవి వేడెక్కాలి, కరెంటు తాగాలి, తరచూ మార్చాలి. ఈసీఐఎల్ సాలిడ్ స్టేట్ టీవీ తెచ్చింది, అంటే వాల్వుల చోట ట్రాన్సిస్టర్లు. 1975 ఆగస్టులో ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకు టీవీ చూపించే సైట్ ప్రయోగం మొదలైంది. ఏడాది పాటు, ఆరు రాష్ట్రాల్లో, సుమారు 2,400 ఊళ్లు. ఆ సెట్లు తయారు చేసింది ఈసీఐఎల్. కోళ్ల గూటి జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, దాని కింద టీవీ, ముందు ఊరంతా. కరెంటు లేని ఊళ్లలో కొన్ని సెట్లు బ్యాటరీల మీద నడిచాయి. తెలంగాణలో మెదక్, మహబూబ్‌నగర్ పల్లెలు చూశాయి గానీ మన కరీంనగర్, ఆదిలాబాద్‌లకు ఆ లిస్టులో చోటు దక్కలేదు.

వోల్టేజీ ఎగిరిపడే చోట, దుమ్ములో, ఎండలో, మెకానిక్ దగ్గర్లో లేని ఊరిలో నడవాలి అన్నదే ఆ సెట్లకు అసలు పరీక్ష. కంప్యూటర్ కొనేటప్పుడు మనం ఈ ప్రశ్న వేయం. ఆర్‌జీబీ లైట్లు చూస్తాం. రామగుండం ఎండాకాలం తెలుసుగా, ఆ వేడిలో అసలు పని చేసేది మంచి ఎస్ఎంపీఎస్, గాలి ఆడే క్యాబినెట్, సరైన ఎర్తింగ్, చిన్న యూపీఎస్. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకుని అయినా వీటికి పెట్టండి. మానిటర్‌కు 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ చాలు. 27 అంగుళాల్లో అదే ఫుల్ హెచ్‌డీ తీసుకుంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. రోజంతా కోడ్ చూసేవాళ్ల కళ్లు ముందు గోల పెడతాయి.

రావుకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో కన్నుమూశారు. ఆయన పెట్టిన సంస్థ తర్వాత ఓటింగ్ యంత్రాలు చేసింది. మనలో చాలామంది మొదటి ఓటు నొక్కింది అలాంటి మిషన్ మీదే. ఇప్పటికీ గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీలకు, ఐటీఐ అప్రెంటిస్‌లకు నోటిఫికేషన్లు వస్తుంటాయి, సంస్థ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.

మొన్న మందమర్రి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. సిస్టమ్ పది నిమిషాలకోసారి ఆఫ్ అవుతోందట, కొత్త ప్రాసెసర్ కొనాలా అని. మూత విప్పి ఫొటో పంపమన్నా. బొగ్గు దుమ్ముతో ఫ్యాన్ రెక్కలు కనిపించట్లేదు. ప్లగ్ పీకి, బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిచి కొత్తది పూయమని చెప్పా. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసిండు. ఈసారి అడిగింది వేరే. పేస్టు ఎందుకు పూస్తారన్నా, అసలు అది ఏం చేస్తుంది?